కీబోర్డు కింద షాబాద్ బండ

మహబూబ్ భాయి పొయ్యి మీద నుంచి అప్పుడే దించి పోసిన చాయ్ అది. గ్లాసు నా కుడిచేతిలో నుంచి జారి, చాయంతా చూపుడువేలి మీద, నడిమివేలి మీద ఒలికింది. తోలు ఎర్రబడుతున్నది. నాకు మాత్రం కాలడం లేదు. ఎవరిదో చెయ్యి తెచ్చి నా ముందర పెట్టినట్టు దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

నాకు కాలుతలేదు భాయ్ అన్నాను. హోటల్లో ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళ తప్పు లేదు. వనపర్తి కోర్టు ఎదురుగా టైపింగ్, జిరాక్స్ షాపు పెట్టుకున్న ఎస్తేరు ఎలాంటిదో అక్కడ అందరికీ తెలుసు. నేను టైపు కొట్టడం మొదలుపెడితే కోర్టు గోడ మీది పావురాలు లేచిపోతాయని చెప్పేదాన్ని. వకీలు సారు గొంతు సవరించుకునేలోపల ఆయన అఫిడవిట్ రెండో పేజీకి తెస్తానని చెప్పేదాన్ని. ఒకసారి కరెంటు పోతే నా వేళ్ళ వేడికే కంప్యూటర్ ఇంకో అరపేజీ నడిచిందని కూడా చెప్పాను. నమ్మినవాళ్ళున్నారు. అలాంటి నోటితో, వేడి తెలుస్తలేదు భాయ్ అంటే ఎవరు వింటారు?

"ఇంకేంది, ఈసారి పీర్ల పండుగకు నిప్పుల గుండంల దుంకుతనంటది సూడుండ్రి మా ఎస్తేరక్క" అని మహబూబ్ భాయి ఇంకో గ్లాసు పెట్టాడు. దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాను.

షాపుకు వచ్చి ఒక భూమి తగాదా అఫిడవిట్ కొట్టడానికి కూర్చున్నాను. నేను కాగితం వైపు చూస్తూ కొడతాను, తెర వైపు చూడను. పేజీ అయ్యాక తల ఎత్తి తెర చూశాను. ఎడమచెయ్యి కొట్టినవన్నీ సరిగ్గా ఉన్నాయి. కుడిచెయ్యి కొట్టినవన్నీ పక్క కీ మీద పడ్డాయి. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా నా చెయ్యి పక్కింట్లో కూర్చుని పని చేసింది, నాకు తెలియనే లేదు. వకీలు సారు నా భుజం మీదుగా తొంగిచూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇది ఏ రాజ్యం భాష అని అడిగారు. ఢిల్లీ నుంచి కొత్త ఫాంటు వచ్చింది సార్, ఇంకా చేతికి ఎక్కలేదు అన్నాను. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ కుడిచెయ్యి మీదే మా ఇల్లు నడుస్తున్నది.

ఇక్కడ నా కీబోర్డు సంగతి చెప్పాలి. నేను టైపు నేర్చుకున్నది ఇనుప మిషన్ మీద. దాని కీలు మెట్లలాగా వరుస మీద వరుస లేచి ఉంటాయి. కార్బన్ల అడుగున ఉన్న కాగితం మీద కూడా అక్షరం పడాలంటే సుత్తెతో కొట్టినట్టు కొట్టాలి. కంప్యూటర్ వచ్చాక ఆ చదును కీబోర్డు మీద చెయ్యి పెడితే సత్తుపళ్ళెం తడిమినట్టుండేది. దాని వెనక కాళ్ళు రెండూ లేపినా నాకు ఎత్తు చాలలేదు. మా ఆయన బాలస్వామి ఇళ్ళకు బండలు పరిచే మేస్త్రీ. నా సణుగుడు విని, ఒక షాబాద్ బండముక్క కోసి, అంచులు నున్నగా అరగదీసి, కీబోర్డు వెనక భాగం కింద పెట్టి, ఇక కొట్టు అన్నాడు. పెళ్ళయ్యాక అడగకుండా ఆయన నాకు ఇచ్చిన వస్తువు అదొక్కటే. రోడ్డు దుమ్ముకు కీల మీద మందపాటి ప్లాస్టిక్ కవరు కూడా తొడిగాను. నా వేగమంతా ఆ బండలో ఉందని వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. చెప్పగా చెప్పగా, మా వరుసలో టైపు కొట్టేవాళ్ళందరి కీబోర్డుల కిందికీ తలా ఒక బండ వచ్చి చేరింది.

చాయ్ ఒలికిన తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయాను. జొన్నరొట్టె తడుతుంటే చేతికింద చినిగిపోయేది. నిద్రలో చెయ్యి తిమ్మిరెక్కి విదిలించుకోవడం అంతకు చాలా ముందే మొదలైంది, కానీ నేను దోమల్ని కొడుతున్నాననుకున్నాడు బాలస్వామి. నేనూ వయసు అనుకున్నాను.

గద్వాలలో మా అక్క మరియమ్మ ఉంటుంది. ఫోన్‌లో సగం విని పక్షవాతం అని తేల్చేసింది. వెళ్తే వెల్లుల్లి కాచిన నూనెతో చెయ్యంతా రుద్దించింది. తర్వాత ఒక డాక్టరు దగ్గర మెడకు ఎక్స్‌రే తీయించాం. మెడ పూసలు కొంచెం అరిగాయి, కాలర్ పెట్టుకో అన్నారు. పెట్టుకున్నాను. వనపర్తి వచ్చాక మెడకు ఏమైందని అడిగినవాళ్ళకు జూరాల డ్యాం దగ్గర మొసలి పట్టుకుంటే విడిపించుకుని వచ్చానని చెప్పాను. మొసలి కథ బాగా నడిచింది. చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది.

జిరాక్స్ కోసం వచ్చిన ఒక నర్సమ్మ నా వేళ్ళు చూసి, నాగర్‌కర్నూల్‌లో ఒక దవాఖానకు న్యూరో డాక్టరమ్మ వస్తుందని చెప్పింది. బాలస్వామీ నేనూ బస్సెక్కాం. చిన్న వయసు డాక్టరమ్మ. నేను అలవాటు కొద్దీ పావురాల దగ్గర మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"పావురాల సంగతి తర్వాతమ్మా. చిటికెనవేలు మొద్దుబారిందా లేదా, గదొక్కటి చెప్పు."

తడిమి చూసుకున్నాను. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దు. చిటికెనవేలు మాత్రం శుభ్రంగా ఉంది. నా చేతి సంగతి నాకంటే ముందు ఆమెకెలా తెలిసిందని నోరు తెరిచాను. ఆమె నా మణికట్టు మీద వేలితో తట్టింది. వేళ్ళ కొసల దాకా మెరుపు కొట్టినట్టయింది. తర్వాత తన బల్ల మీది కీబోర్డు నా ముందుకు జరిపి, ఎలా కొడతానో చూపించమంది. ఇంత చదును మీద నాకు చేతకాదని, పక్కనే ఉన్న లావుపాటి పుస్తకం తీసి కీబోర్డు వెనక భాగం కింద పెట్టి, నా పద్ధతిలో చేతులు పెట్టాను. ఆమె ఒక స్కేలు తెచ్చి నా ముంజేతి మీద ఆనించింది. స్కేలు ఒకవైపు పోతున్నది, చెయ్యి పైకి విరిగి ఇంకోవైపు పోతున్నది.

"గా మూడు వేళ్ళ నరం పోయేతందుకు గీడ సన్న సొరంగముంటదమ్మా. చిటికెనవేలి నరానిది వేరే తొవ్వ. మణికట్టు గిట్ల ఎనకకు ఇరిస్తె అది ఇరుకైతది. పొద్దంత దాని గొంతు మీద కాలు పెట్టి కొడుతున్నవు నువ్వు. ఈ ఎత్తు పెట్టమని ఎవరు చెప్పిండ్రు?"

మా ఆయన అన్నాను. పక్క స్టూలు మీద ఉన్న బాలస్వామి తల దించుకుని కింద పరిచిన బండల వైపు చూశాడు.

ఎత్తు ఒక్కటే కారణమని తాను అననని డాక్టరమ్మ చెప్పింది. షుగర్ చూడాలి, థైరాయిడ్ చూడాలి అంది. షుగర్ లేదు. థైరాయిడ్ కొంచెం ఉంది, దానికి మాత్ర రాసింది. నర్వ్ కండక్షన్ స్టడీ అని ఇంకో పరీక్ష చేశారు. చేతికి చిన్నచిన్న కరెంటు షాకులిచ్చి నరంలో కరెంటు ఎంత జోరుగా పోతున్నదో చూస్తారు. వేగంలో నన్ను మించినవాళ్ళు లేరని ఊరంతా చెప్పుకున్న మనిషిని. నా నరం నత్తలా నడుస్తున్నదని మిషన్ రాసిచ్చింది. పేరు కార్పల్ టనెల్ సిండ్రోమ్. మోడరేట్. మణికట్టు వంగకుండా పట్టీలాంటి స్ప్లింట్ కట్టారు. బండ తీసెయ్యమన్నారు, కీబోర్డు వెనక కాళ్ళు ముడవమన్నారు, కుర్చీ ఎత్తు పెంచుకోమన్నారు.

వనపర్తిలో బస్సు దిగాక బాలస్వామి ఇంటి దారి పట్టలేదు. నేరుగా షాపుకు వెళ్ళి బండముక్క తీసి చంకలో పెట్టుకుని, "నేనే కోసిచ్చిన గదనే" అని ఒక్కమాట అని ఇంటికి తీసుకుపోయాడు. పెరట్లో నీళ్ళకుండ పక్కన పెట్టాడు.

చదును కీబోర్డు మీద నా చెయ్యి ఎద్దులబండి అయింది. సర్పంచు ఎన్నికలు వచ్చాయి. నామినేషన్ కాగితాలకు షాపు ముందర జనం. పాన్‌గల్ నుంచి వచ్చినవాళ్ళు నన్ను చూసి పక్క షాపుకు పోతుంటే తట్టుకోలేకపోయాను. బాలస్వామి పనికి పోయాక పెరట్లోకి వెళ్ళి బండ తెచ్చుకున్నాను. స్ప్లింట్ విప్పి సొరుగులో పెట్టాను. నామినేషన్లు అయ్యేదాకా పాత పద్ధతిలోనే కొట్టాను. వేగం వచ్చింది. ఎన్నికలు కాగానే, షాపు మూస్తుంటే తాళంచెవి తిరగలేదు. తుప్పు అనుకున్నాను. బాలస్వామి వచ్చి రెండువేళ్ళతో తిప్పాడు.

మళ్ళీ నాగర్‌కర్నూల్. ఈసారి డాక్టరమ్మ నన్నేమీ అడగలేదు. నా రెండు అరచేతులూ పక్కపక్కన బల్ల మీద వెల్లకిలా పెట్టి, చూడమంది. ఎడమ బొటనవేలి కింద కండ పూరీలా పొంగి ఉంది. కుడివైపు ఆ చోట పల్లం. ఎవరో చెంచాతో తీసుకుపోయినట్టుంది. రోజూ ఆ చేతితోనే మొఖం కడుక్కుంటున్నాను, నా కంట పడలేదు.

"ఇప్పుడిది సివియర్. సర్జరీ చెయ్యాలె. ఇంక ఆగితె నరాన్ని ఇడిపించినా కండ తిరిగి రాదు" అంది.

మళ్ళీ టైపు కొట్టగలనా అని అడిగాను. నరం చేతిలో ఉంది, తన చేతిలో లేదు అందామె. అంతకంటే మాట ఇవ్వలేదు.

ఆపరేషన్ అంటే మనిషినంతా పడుకోబెడతారనుకున్నాను. ఒక్క చేతికే మత్తిచ్చారు. అడ్డంగా బట్ట కట్టి, అవతల కోస్తుంటే నేను ఇవతల మేలుకుని ఉన్నాను. భయానికి మొసలి కథ ఎత్తుకున్నాను. సర్జన్ సారు, చెయ్యి పడుకుంది గానీ నీ నోరు ఇంకా పడుకోలేదమ్మా అన్నారు. కొంతసేపటికి సొరంగం మీది లిగమెంట్ కోశాం, నరం వదులైంది అని చెప్పారు. నాకు నొప్పి లేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

కుట్లు విప్పాక కూడా వేళ్ళు వేళ్ళు కాలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి ఇంట్లో చెయ్యడానికి ఒక పని చెప్పింది. బేసిన్ నిండా జొన్నలు పోసి, అందులో చింతగింజలు, చొక్కా గుండీలు కలిపి, కళ్ళు మూసుకుని వేళ్ళతో ఏరాలి. బాలస్వామి కలిపేవాడు, నేను ఏరేదాన్ని. గుండీ అనుకుని పట్టుకున్న ప్రతిదీ జొన్నగింజే. ఒకరోజు విసుగొచ్చి బేసిన్ నెట్టేస్తే ఆయన గింజలన్నీ ఎత్తిపోసి మళ్ళీ నా ముందర పెట్టాడు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, నరం మెల్లగా మొలుస్తుంది, దానితో కూడా వేగం పందెం పెట్టకు అంది.

డాక్టరమ్మ సరేనన్నాక షాపు తెరిచాను. పల్చటి కొత్త కీబోర్డు కొన్నాను. కీ మీద వేలు ఆనిస్తే చాలు దిగుతుంది, కొట్టనక్కర్లేదు. కవరు తొడగలేదు. కుర్చీ ఎత్తు పెంచితే పొట్టిదాన్ని, కాళ్ళు గాలిలో వేలాడాయి. బాలస్వామి చూసి, ఇంటికి వెళ్ళి బండముక్క తెచ్చి నా కాళ్ళ కింద పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

కళ్ళు మూసుకుని చేతులు పెట్టాను. కుడి చూపుడువేలి కింద ఏదో సన్నగా గుచ్చుకుంది. జొన్నగింజ పడిందనుకుని గోటితో గీకాను. రాలేదు. కళ్ళు తెరిచి వంగి చూస్తే, జె అక్షరం కీ మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంది. ఎడమచేతి కింద ఎఫ్ మీద కూడా ఉంది. చూడకుండా వేలు తన ఇల్లు తాను కనుక్కోవడానికి పెట్టిన గుర్తులవి. పాత కీబోర్డు మీద కూడా ఉన్నాయి, తర్వాత చూశాను. నేనే వాటి మీద మందపాటి ప్లాస్టిక్ కప్పి ఇన్నేళ్ళూ గుడ్డిగా కొట్టాను. నాకు ఆశ్చర్యం అది కాదు. పొయ్యి మీది చాయ్ తెలియని వేలికి ఆ గీత తెలిసింది. బాలస్వామిని పిలిచి తాకి చూడమన్నాను. ఆయన వేలు బండలు మోసి మోసి కాయకట్టింది, ఏమీ తగలడం లేదన్నాడు. ఉంది, నాకు తెలుస్తున్నదన్నాను. ఆ మాట మాత్రం ఆయన వెంటనే నమ్మాడు.

ఇప్పుడు పాత వేగం దాదాపు వచ్చింది. సగం బలంతోనే వచ్చింది, అదే నాకు వింత. పావురాలు లేవడం లేదు. బొటనవేలి కింద పల్లం కొంత నిండింది, పూర్తిగా నిండదట. సీసా మూతలు ఇంకా మా ఆయనే తీస్తాడు.

మొన్న పక్క షాపు వెంకటేశు కొడుతూ కొడుతూ ఆగి చెయ్యి విదిలించుకోవడం చూశాను. బండ తీసెయ్యమన్నాను.

"నీ కథ ఇని పెట్టిన, మల్ల నీ కథ ఇని తియ్యాల్నా అక్కా" అన్నాడు.

నా కుడి అరచెయ్యి అతని కీబోర్డు పక్కన వెల్లకిలా పెట్టాను. అతను చూసి, తన రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాడు. తర్వాత బండ లాగేశాడు.

మీరూ ఈ ఒక్కటి చెయ్యండి. కీబోర్డు మీద మీ చెయ్యి ముంజేతితో ఒకే గీతలో ఉందో లేదో స్కేలు పెట్టి చూసుకోండి. తర్వాత రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేళ్ళ కింద చూడండి. వేళ్ళలో తిమ్మిరి ఆగకుండా వస్తుంటే, ఒకవైపు పల్లం కనిపిస్తే, అదేరోజు డాక్టరు దగ్గరికి బస్సెక్కండి. చాయ్ ఒలికి కాలకుండా పోయేదాకా ఆగకండి.