దొర్లిపోయిన గొంగడి

కల్వకుర్తి దగ్గరి ఒక ఊరి బడిలో రెండో తరగతికి ఘనాకారాలు చెప్పబోయి, ఒక మనిషిని వానలో తడిపాను. నవ్వండి, ఫరవాలేదు. నేనూ నవ్వుతాను గానీ, సగంలో ఆగిపోతాను.

అప్పటికి కొత్త పంతులుని. బోర్డు మీద గుండ్రంగా గీసి "గోళం" అంటే, పిల్లలు "రొట్టె" అన్నారు. తప్పు వాళ్లది కాదు, నా బొమ్మ అంత చదునుగా ఉంది. "రేపు తలా ఒక వస్తువు తెండి" అన్నాను.

మర్నాడు డబ్బా స్థూపమైంది, సబ్బుపెట్టె దీర్ఘఘనమైంది. గొర్లు కాసేవాళ్ల పిల్ల అంజలి మాత్రం గుమ్మడికాయంత ఉన్ని దారం ఉండ తెచ్చింది.

"మా అవ్వ వడికింది సార్. బాపుకు గొంగడి నేయించాలె. వానలల్ల మందెంబడి పోతడు గద!"

"భలే గోళం! దొర్లించి చూద్దామా?"

"వద్దు సార్. అవ్వకు చెప్పకుంట తెచ్చిన. తంతది."

"పిచ్చి పిల్లా, గోళం ఎటు దొర్లినా గోళమే!"

శిష్యులకు సృష్టి రహస్యం విప్పుతున్న మహర్షిలా దాన్ని గుమ్మం వైపు దొర్లించాను. దారం కొస బల్ల మేకుకు చిక్కుకుందని చూసుకోలేదు. బడి గుట్ట వాలులో ఉందన్న సంగతీ గుర్తు రాలేదు. ఉండ మెట్లు దిగి, వాలు పట్టి, తుమ్మకంపలో దూరింది.

"సార్, గోళం గీత అయితాంది!"

ఉండ వెనక నేను, నా వెనక ఇరవై మంది. అందరం కలిసి దారాన్ని తొక్కాం, తెంపాం, కంపకు ఇంకాస్త చుట్టాం.

సాయంత్రం అవ్వ వచ్చి, నా చేతిలోని కాకిగూడును చూసింది.

"గిదేంది సార్?"

"గోళం, అవ్వా."

"నా కొడుకు వాన్ల గీ గోళం కప్పుకుంటడా? ఎన్ని నెల్లు వడికిన్నో ఎరికేనా నీకు?"

నాలుగు ఆదివారాలు ఆమె అరుగు మీద కూర్చుని చిక్కులు విప్పాను. "జర మెల్లగ సార్, గొర్రె తోకనుకున్నవా గట్ల గుంజుతున్నవ్?" అంటూనే ఆమె నాకు చాయ్ పోసేది. వానలు మాత్రం నా కోసం ఆగలేదు. అంజలి బాపు యూరియా సంచి నెత్తిన వేసుకుని మంద వెంట పోయాడు. తడిసిన ఆ వీపు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. గొంగడి తయారయ్యేసరికి వానలు వెళ్లిపోయాయి.

తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి అంజలినే అడిగాడు: "గోళాన్ని దొర్లిస్తే ఏమవుతుంది పాపా?"

"మా సార్ ఆదివారం మా ఇంటికొచ్చి చిక్కులు తీస్తడు!"

అందుకే సుద్దముక్క పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. పిల్లలు వద్దంటే ఇక వద్దు. గోళం చూపక తప్పకపోతే గుండు కొట్టించుకుని నా తలే చూపిస్తాను. దాన్నీ దొర్లించను.