నీళ్ళకు చెప్పిన మాట

నా చిన్నప్పుడు, చిత్తూరులో మా వీధి కుక్కలన్నీ పొద్దున ఎనిమిదిన్నరకల్లా మా గడప ముందు వరసగా కూర్చునేవి, నేను కక్కబోయే ఇడ్లీల కోసం. కుక్కలన్నీ అన్నాను గానీ నిజానికి అది ఒకటే కుక్క, దానికీ ఒక చెవి లేదు. ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నేను చెప్పినదాంట్లో మా ఆవిడ పావు వంతు నమ్ముతుంది, స్నేహితులు ఆ పావు కూడా నమ్మరు. మీరూ మీకు తోచినంత తగ్గించుకుని చదవండి.

అప్పుడు నేను మూడో తరగతి. ఆదివారం రాళ్ళు పెట్టినా అరిగించుకునేవాణ్ణి. సోమవారం పొద్దున పుస్తకాల సంచి భుజాన పడగానే కడుపులో ఎవరో రోకలి పట్టుకుని దంచుతున్నట్టు ఉండేది. గడప దాటేలోపు తిన్నదంతా బయటికి వచ్చేసేది. కళ్ళు తిరిగేవి, చేతులు మంచుగడ్డలయ్యేవి. బడి గంట మోగిపోయి, ఈ పూటకు వద్దులే అని ఇంట్లోవాళ్ళు అన్నారంటే చాలు, మళ్ళీ ఆకలి.

మా ఇంట్లో వైద్యానికి కొదవ లేదు. మా అవ్వ వాము, శొంఠి, మిరియాలు కలిపి కాచిన కషాయం తాగితే దారిన పోయేవాడికి కూడా కన్నీళ్ళు వచ్చేవి. ఆమె నాకు దిష్టి తీసి నిప్పుల్లో వేసిన మిరపకాయల ఘాటుకు తిరుపతి బస్సు మా వీధి మలుపులో ఆగిపోయి, డ్రైవరు దగ్గుతూ దిగాడు. డాక్టరు నులిపురుగులని చెప్పి గులాబీ రంగు మందు రాసిచ్చాడు. దాని వాసనకే ఉన్న పురుగులన్నీ ఊరు విడిచిపోయి ఉండాలి. మా నాయనకు బజారులో బెల్లం మండీ ఉండేది. తప్పు బెల్లానిదేనని తేల్చి, ఆయన ఇంట్లో బెల్లం నిషేధించాడు. అయినా తగ్గకపోయేసరికి అయ్యవారు కొడుతున్నాడేమోనని మీసం దువ్వుకుంటూ బడికి వెళ్ళాడు. మా అయ్యవారు సుద్దముక్క విరిగితే దానికి కూడా క్షమాపణ చెప్పే మనిషి. నాయన ఆయనతో అరగంట మాట్లాడి, చివరికి ఆయనకే ఒక అచ్చు బెల్లం ఇచ్చి తిరిగొచ్చాడు.

కారణం మాత్రం మా నడవాలోనే, దూలానికి వేలాడుతూ ఉండేది. అది ఒక ఇనుప కొక్కెం. అందరూ దాని కిందుగానే తిరిగేవాళ్ళు, ఎవరూ తలెత్తి చూసేవాళ్ళు కాదు.

ఆ కొక్కేనికి అంతకుముందు మా చెల్లెలి ఉయ్యాల ఉండేది. ఇక్కడ కాసేపు పెంచి రాయడానికి నాకు చేతులు రావు. పాపకు ఆరు నెలలు. నేను బడి నుంచి రాగానే నా గొంతు విని కాళ్ళు తన్నేది. ఒకసారి జ్వరం పట్టుకుంది, దిగలేదు. ఒక పొద్దున ఎగశ్వాస మొదలైంది. "పిల్లోణ్ణి బడికి తోలేయండి, ఈడ ఉంటే బెదురుకుంటాడు" అంది అవ్వ. నన్ను బడికి పంపించారు. సాయంత్రం వచ్చేసరికి నడవా అంతా కడిగి ఉంది, నేల ఇంకా తడిగా ఉంది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఉయ్యాల లేదు.

మా వైపు పాలుతాగే బిడ్డ పోతే పొద్దుగూకేదాకా ఇంట్లో ఉంచరు. పలక డప్పు మోగదు, పాడె కట్టరు, కర్మ చేయరు. తండ్రి బిడ్డను గుడ్డలో చుట్టి రెండు చేతుల మీద ఏటి ఒడ్డుకు తీసుకుపోయి, ఇసుకలో పెట్టి వస్తాడు. తరువాత ఆ బిడ్డ ఊసు ఎవరూ ఎత్తరు. అది రాతి గుండె కాదు. ఊసెత్తితే ఉన్న బిడ్డ మీదికి కూడా వస్తుందని భయం. ఆ ఉన్న బిడ్డను నేను.

"పాప యాడికి పోయింది?" అని అడిగితే, "కాణిపాకంలో మీ అత్త కాడ ఉండాది. జొరం తగ్గినాక వస్తాది" అన్నారు. నమ్మాను. మా అత్త అక్కడ గుడి ముందు టెంకాయలు అమ్మేది. కొన్ని రోజులకు ఆమె మా ఇంటికి వచ్చింది. ఒక్కతే వచ్చింది. నన్ను చూడగానే పట్టుకుని బావురుమంది. అవ్వ ఆమెను వంటింట్లోకి లాక్కుపోయింది. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. మరుసటి పొద్దున మొదటిసారి కక్కాను.

ఎనిమిదేళ్ళ బుర్ర దాని లెక్క అది వేసుకుంది. నేను బడికి పోతే ఇంట్లో ఒక మనిషి తగ్గుతుంది. ఈసారి అమ్మ. అమ్మ అప్పటికే సగమైపోయింది, అన్నం ముందు కూర్చుని అలాగే లేచిపోయేది. ఈ మాట పైకి అంటే నిజమైపోతుందని నోరు మూసుకున్నాను. నోరు ఊరుకున్నా కడుపు ఊరుకోలేదు.

ఏ మందుకూ లొంగకపోయేసరికి, ఇది జడుపు అని తేల్చారు. మా ఊళ్ళో బిడ్డ జడుసుకుంటే ఏ కులం వాళ్ళయినా సాయంత్రం నమాజు వేళకు మసీదు గుమ్మం దగ్గర నిలబడతారు. చంకలో బిడ్డ, చేతిలో నీళ్ళ గ్లాసు. నమాజు చేసి బయటికి వచ్చేవాళ్ళు బిడ్డ ముఖం మీద, నీళ్ళ మీద ఊది వెళ్తారు. పాప పోయాక అమ్మ గడప దాటడం అదే మొదలు. వచ్చిన ప్రతి ఒక్కరూ నా మీద ఎంత గట్టిగా ఊదారంటే, అమ్మ చెయ్యి పట్టుకుని ఉండకపోతే నేను వేలూరులో పడేవాణ్ణి.

అందరికన్నా చివర వచ్చినవాడు మా పక్కింటి సాయిబు తాత. దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన పని. కనుబొమ్మల్లో ఎప్పుడూ దూది ఉండేది. ఏళ్ళ తరబడి దూదేకే విల్లు మోత పక్కనే ఉండి చెవులు పోయాయని వీధంతా అనుకునేది. ఆయన వెనుక లారీ హారన్ కొట్టీ కొట్టీ దాని బ్యాటరీ అయిపోయిందని చెప్పుకునేవాళ్ళు.

ఆయన ఊదలేదు. అమ్మ చేతిలోని గ్లాసు తీసుకుని, "నువ్వు అట్లా పోయి నిలబడు తల్లీ. ఇది నాకూ వీడికీ ఉండే పని" అన్నాడు. నన్ను మెట్టు మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"సూడు బేటా. నీ కడుపులో ఏముండాదో ఈ నీళ్ళకు సెప్పు."

నేను ఆయన వైపు చూశాను.

"నన్నేంటికి సూస్తావు? నేను సెవిటోణ్ణి, నాకు యాడ ఇనపడతాది? నీళ్ళకు సెప్పు. రవంత గట్టిగా సెప్పు, నీళ్ళకూ వయసైపోయింది."

నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే గ్లాసు మీదికి వంగి చెప్పేశాను. "కాణిపాకంలో పాప లేదు. నేను బడికి పోతే అమ్మను గూడా తీసకపోతారు." అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాను. కన్నీళ్ళు గ్లాసులోకి రాలాయి. తాత అంతసేపూ దేనితోనూ తనకు సంబంధం లేనట్టు వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ నీళ్ళు నాతో తాగిస్తాడనుకున్నాను. ఆయనే ఎత్తి గడగడా తాగేశాడు. గ్లాసు పళ్ళకు తగిలి టకటకమంది. గడ్డం తుడుచుకుని, "ఇంక అది నీ కడుపులో లేదు. నా కడుపులో ఉండాది. నాది పెద్ద కడుపులే, పడతాది" అన్నాడు.

మరుసటి పొద్దున నాయన మండీకి బయలుదేరుతుంటే తాత మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను తలుపు వెనుక నిలబడి విన్నాను.

"నీ కొడుక్కి అంతా తెలుసప్పా" అన్నాడు తాత.

"ఏం తెలుసు? ఎవురు సెప్పినారు నీకు?"

"వాడే సెప్పినాడు."

"నీకు ఇనపడదు గదా తాతా!"

"ఇనాల్సింది ఇనపడతాదిలే. మీ అరుపులు ఇనలేక సెవుడు పెట్టుకున్నా." గొంతు తగ్గించాడు. "వాడు కక్కేది ఇడ్లీ కాదప్పా. నువ్వు సెప్పిన అబద్ధం. అది వాడికి అరగలా."

"చిన్నోడు తాతా. తట్టుకోలేడని..."

"ఇప్పుడు తట్టుకుంటా ఉండాడా?"

నాయన చేతిలోని మండీ తాళాలు అరుగు మీద పెట్టేశాడు. తరువాత లోపలికి వచ్చి, నా భుజం మీది సంచి తీసి పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు ఆయన మండీకి పోలేదు, నేను బడికి పోలేదు. ఇద్దరం ఏటి వైపు నడిచాం. నాయన ఎక్కడా ఆగకుండా నేరుగా ఒక కంపచెట్టు దగ్గరికి తీసుకుపోయి, ఇసుకలో కూర్చున్నాడు.

"ఈడ ఉండాది రా పాప. జొరమొచ్చి సచ్చిపోయింది. నేనే ఎత్తుకొచ్చినా. కాణిపాకం పోలా."

నేను తల ఊపాను. నాకు కావలసింది వేరే ఉంది. "అమ్మను గూడా ఈడికే ఎత్తుకొస్తావా?" అని అడిగాను.

నాయన ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఊరంతా ఆయన కేకకు హడలిపోయేది. ఆ రోజు ఆయన నోట్లోంచి పిల్లి కూనకు వచ్చినంత శబ్దం వచ్చింది. తేరుకున్నాక, "లేదు రా. అమ్మ ఇంట్లోనే ఉంటాది. ఎవరికి ఏమన్నా అయితే బడికి మనిషిని పంపిస్తా. నువ్వు రాకుండా ఏమీ సెయ్యం" అన్నాడు.

మరుసటి రోజే బాగైపోయానని రాస్తే కథకు అందం వస్తుంది గానీ, మరుసటి రోజు కూడా కక్కాను. ఆ తరువాత కొద్దికొద్దిగా తగ్గింది. అమ్మ రోజూ గడపలో నిలబడి, నేను వచ్చేలోపు ఏమేం చేస్తుందో చెప్పి పంపించేది. బియ్యం ఏరతా, గుడ్డలు ఉతకతా, మధ్యాన్నం రవంత పడుకుంటా, నువ్వు వచ్చేసరికి ఈడనే ఉంటా. కొన్నాళ్ళకు ఒక పొద్దున అలా చెబుతూ, అమ్మ తనంతట తానే తలెత్తి కొక్కెం వైపు చూసి, "పాప ఉంటే ఈపాటికి నిన్ను బడికి పోనిచ్చేది కాదు" అంది. అవ్వ విన్నది, ఈసారి అమ్మ నోరు మూయించలేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం మండీ గుమాస్తా మా క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. అవ్వ పోయింది. ఇంటికి వెళ్ళేసరికి అందరూ నా కోసం ఆగి ఉన్నారు. అవ్వ పక్కన కూర్చుని, కడుపారా ఏడ్చాను. కడుపులో తిప్పలేదు.

నిరుడు నాయన పోయాడు. మా అమ్మాయికి పరీక్షలు, సాయంత్రం నిదానంగా చెప్పవచ్చులే అన్నారు బంధువులు. నేనే బడికి వెళ్ళి, గేటు బయట ఎండలో నిలబెట్టి, తాత పోయాడమ్మా అని చెప్పి తీసుకొచ్చాను. ఆ రోజుల నుంచి నాతో వచ్చింది ఇదొక్కటే. మిగతా అన్ని విషయాల్లో పెంచి చెబుతాను, పిల్లలకు చావు గురించి మాత్రం ఉన్నంతే చెబుతాను, వెంటనే చెబుతాను.

ఇక, ఇందులో నేను కల్పించినది ఒకటుంది. నాయన నేరుగా ఆ చోటికి తీసుకుపోయాడని రాశాను. అది నిజం కాదు. పాపను పెట్టి వచ్చాక వానలు పడి ఏరు పారింది. ఇసుక ఎక్కడిది ఎక్కడికో పోయింది. నాయన చెప్పులు చేతిలో పట్టుకుని ఒక కంపచెట్టు దగ్గరి నుంచి ఇంకో కంపచెట్టు దగ్గరికి తిరిగాడు. వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ఎండ ఎక్కింది. చివరికి ఒకచోట ఆగి, నా వైపు చూడకుండా, "ఈడే" అన్నాడు. అది ఆ చోటు కాదని, ఏ చోటో ఆయనకే తెలియదని నాకు అర్థమైంది. నేను అక్కడే కూర్చుని, ఆ ఇసుక మీద చెయ్యి పెట్టి, "ఊ, ఈడే నాయనా" అన్నాను.