మెషీన్ మారినా అదే జడలోడు

నిడదవోలు స్టేషన్ రోడ్డులో మాది ఫ్యాన్సీ షాపు, వెనకాలే ఇల్లు. తొంభైల మధ్యలో నాన్న షాపులోనే ఓ పక్కన టీవీ పెట్టి, క్యాసెట్టు వేసే వీడియో గేమ్ తగిలించారు. గంట లెక్కన కుర్రాళ్లు ఆడుకునేవాళ్లు. అందరికీ కావాల్సింది ఇద్దరు కొట్టుకునే ఆట ఒక్కటే. అందులో పొడుగు జడేసుకున్న వస్తాదు పేరు ఎవరికీ నోరు తిరగక, మా ఊళ్లో వాడు జడలోడయ్యాడు. పొద్దున్నే షాపు తుడవడానికి వెళ్లి నేనూ ఆడేదాన్ని. జడలోడి చేత గాల్లో గిరగిరా తిరిగి తన్నించడం మా షాపులో ముందు కనిపెట్టింది నేనే. గొప్పలనుకుంటే అనుకోండి.

కొన్నాళ్లకి సీడీ మెషీన్ వచ్చింది. బొమ్మ బాగుందని నాన్న రాజమండ్రి నుంచి కార్ల ఆటలూ తుపాకుల ఆటలూ తెచ్చారు. కుర్రాళ్లు చూసి "బావుందండి" అనేసి, పాత మెషీన్ దగ్గరికే పోయారు. నాన్న తల పట్టుకున్నారు.

"జడలోడి ఆట దీనికీ వస్తుందంట, తెప్పించండి నాన్నా" అన్నాను. "కొత్త ఆటయితే అందరూ ఓనమాలు దిద్దాలి, నలుగురి ముందూ ఓడాలి. ఎవడికి ఇష్టం? ఇదయితే చేతికి అలవాటైన ఆట. నిన్న ఓడినోడు పగ తీర్చుకోడానికైనా వస్తాడు."

ఆ సీడీ రాగానే షాపులో నిలబడ్డానికి చోటు లేకపోయింది. మా అమ్మాయి బుర్రే బుర్రని నాన్న పక్క షాపువాళ్లకి చెప్పుకున్నారు.

ఆ ఏడే నేను పెద్దమనిషినయ్యాను. మగపిల్లలొచ్చే చోట నీకేం పనంటూ నానమ్మ నన్ను షాపు గుమ్మం తొక్కనివ్వలేదు. నాన్న తల వంచుకుని గల్లా లెక్క చూసుకున్నారు. నా బుర్ర పనికొచ్చింది గానీ నేను పనికిరాలేదు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

ఇక తమ్ముడు ఆడేవాడు, నేను గోడకి ఇవతల కూరలు తరుక్కుంటూ వినేదాన్ని. చప్పుడుని బట్టి వాడెక్కడ దెబ్బ తిన్నాడో తెలిసిపోయేది. అన్నానికొచ్చినప్పుడు "అవతలోడు ఎగిరినప్పుడు కాదురా, దిగేటప్పుడు కొట్టు" అని చెప్పి, ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో కంచం పక్కన నేల మీద వేళ్లతో చూపించేదాన్ని. తర్వాత ఇంకో మెషీన్ వచ్చింది, కంప్యూటరూ వచ్చింది. జడలోడు అన్నిట్లోకీ దర్జాగా వెళ్లాడు. నేను మా షాపులోకే వెళ్లలేకపోయాను. తమ్ముడు భీమవరంలో పోటీ గెలిస్తే వీధంతా తిరిగి పూతరేకులు పంచింది కూడా నేనే.

నా పెళ్లయిన కొన్నేళ్లకి పుట్టింటికి వెళ్తే, తమ్ముడు హాల్లో సరికొత్త మెషీన్ బిగించి, కొత్త పెళ్లాంతో ఆడుతున్నాడు. మళ్లీ జడలోడే. నానమ్మ పోయింది, అడ్డు చెప్పేవాళ్లు లేరు.

"నువ్వూ పట్టుకో అక్కా, సరదాగా" అన్నాడు.

పట్టుకున్నాను. ఇన్నేళ్లలో అంతా మర్చిపోయుంటానేమోనని భయమేసింది. ఏదీ మర్చిపోలేదు. నా జడలోడు గిరగిరా తిరిగి తన్నిన తన్నుకి తమ్ముడి మనిషి నేల కరిచాడు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"అమ్మో వదినగారూ! మీకెవరు నేర్పారండీ?" అంది మరదలు.

నేను నోరు తెరిచేలోపే తమ్ముడు నవ్వాడు. "ఇంకెవరు, నేనే. అన్నాల దగ్గర కూర్చోబెట్టి, నేల మీద వేళ్లతో చూపించి మరీ నేర్పాను."

అబద్ధమాడుతున్నాడనిపిస్తే అక్కడే దులిపేసేదాన్ని. వాడి మొహంలోకి చూశాను. వాడికి నిజంగా అలాగే గుర్తుంది.