అంగారకుడి గాలి పాఠం చెప్పిన మేడమ్

మా సైన్సు మేడమ్ పోయారన్న కబురు పూండి స్టేషన్లో పలాస బండి కోసం నిలబడి ఉండగా తెలిసింది. చెప్పిన మావయ్య, "కిడ్నీలు కదమ్మా, మరేటి సేత్తాం" అన్నాడు. ఆ మాట వింటే మేడమ్ ఊరుకునేవారు కాదు.

ఆవిడది మా తీరంలోనే చేపల వేటకెళ్లే కుటుంబం. చదువుకుని మా హైస్కూలుకే టీచరుగా వచ్చారు. నేను తొమ్మిదిలో ఉండగా ఒకరోజు, మధ్యాహ్న భోజనం వండిన పెద్ద దబర పక్కన చిన్న గిన్నెలో వేడన్నం పెట్టించి, "ఏది ముందు సల్లారతాది?" అని అడిగారు. గిన్నె అన్నాం.

"అంగారకుడూ అంతే. భూమి కన్నా సిన్నోడు. ఆడి కడుపులో కరిగిన ఇనుము కదిలినన్నాళ్లూ సుట్టూ అయస్కాంత శక్తి కాపు కాసింది. లోపల సల్లారేక ఆ కాపు పోయింది. సూర్యుడి నుంచి దూసుకొచ్చే రేణువులు ఆడి గాలిని కొంచెం కొంచెం ఎత్తుకుపోయేయి. గాలి పలసబడితే నీళ్లూ నిలవనేదు."

"అంత గాలి ఒక్కసారే పోయిందా మేడమ్?" అన్నాను.

"నేదే. కోట్ల ఏళ్లు పట్టింది. నెమ్మదిగా పోయేది కంటికి ఆనదు. కొలిత్తేనే తెలుత్తాది."

కొన్నాళ్లకు ఆవిడే బడిలో ఊరందరికీ రక్తపరీక్షలు పెట్టించారు. మా ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు బయటపడితే పిల్లలకు సంబంధాలు రావని దాచుకునే రోజులవి. ఊరిపెద్ద మండిపడుతూ వచ్చాడు.

"ఊరి పరువు తీత్తన్నావమ్మా! రేపు మా ఆడపిల్లల్ని ఎవులు సేసుకుంటారు?"

"పరువు కోసం సచ్చిపోమంటారేటి బాబూ?" అని, అందరికంటే ముందు ఆవిడే చెయ్యి చాపి కూర్చున్నారు.

జబ్బు ముందు ఆవిడకే ఉందని తేలింది. దాచలేదు. కిడ్నీలెంత దెబ్బతిన్నాయో చెప్పే తన క్రియాటినిన్ అంకె నల్లబల్ల మీద రాసి, "ఇదీ నాది. ఇందులో సిగ్గేటుంది?" అన్నారు. అది విన్న మర్నాడే మా నాన్న వెళ్లి పరీక్షకు రక్తమిచ్చాడు. జబ్బు ఆదిలోనే దొరికింది కనుక మందులతో నిలబడ్డాడు. ఈరోజుకీ జీడితోటకు నడిచే వెళ్తాడు.

మేడమ్ జబ్బు మాత్రం అప్పటికే ముదిరింది. విశాఖలో డయాలసిస్ చేయించుకుని మర్నాడే బడికొచ్చేవారు. సెలవు పెట్టమని హెడ్మాస్టరు బతిమాలితే, "ఇంటికాడ కూకుంటే కిడ్నీలు బాగైపోతాయేటండీ?" అనేవారు.

కబురు విన్న రోజు నేను పలాస బండి ఎక్కలేదు, తిన్నగా మేడమ్ ఇంటికే వెళ్లాను. శ్మశానం సముద్రపొడ్డున, సరుగుడు తోట అవతల. ఆడపిల్లలు రాకూడదని పెద్దలు దారికి అడ్డం నిలబడ్డారు. ఆవిడ దగ్గర చదువుకున్న మేం నలుగురం ఆగలేదు. పాడె నాలుగు కొమ్ములూ మేమే భుజానికెత్తుకున్నాం. ఎదురుగాలికి ఇసుక లేచి కళ్లలో కొడుతోంది. ఒక్కరూ తల దించలేదు.