మృదుల గుండెకి ఏ వాల్వు

మృదుల ఉద్యోగం గురించి ఎవరడిగినా అత్తగారు సుబ్బలక్ష్మి "గూడెంలో మొక్కల ఆఫీసండీ" అనేవారు. పుట్టగొడుగులన్న మాట ఆవిడ నోట వచ్చేది కాదు. ఏలూరులో గుడి అర్చకుల ఇల్లది. కొడుకు శ్రీహర్ష స్వామికి అర్చన చేస్తే, కోడలు మడికట్టుకుని నైవేద్యం వండాలి. తెల్లారేసరికి పులిహోరో దద్ధ్యోజనమో సిద్ధం చేసి, చీర మార్చుకుని, పాసింజరెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళేది మృదుల. సాయంత్రం వచ్చాక పెరట్లో తలస్నానం చేస్తేగానీ వంటింట్లోకి రానిచ్చేవారు కాదు.

అక్కడి పుట్టగొడుగుల పరిశోధన కేంద్రంలో ఆమె పని జామాయిల్ మొక్కల వేళ్ళు కడగడం. మామూలు పుట్టగొడుగులు గడ్డి మీద పెరుగుతాయి. వాళ్ళు పెంచాలని చూస్తున్న జాతి మాత్రం బతికున్న చెట్టు వేరుని పట్టుకుంటేనే బతుకుతుంది. వేరు దానికి తిండి పెడుతుంది, అది వేరుకి నీళ్ళు తెచ్చిపెడుతుంది. కడిగిన వేళ్ళని మైక్రోస్కోపు కింద పెట్టి, వాటి చుట్టూ తెల్లటి తొడుగు కట్టిందో లేదో చూసి చెప్పాలి. తొడుగైతే కట్టేది గానీ, ఎన్ని వానాకాలాలు పోయినా ఒక్క గొడుగూ పైకి రాలేదు. "ఇదేం పెంపకమండీ, సంసారమంతా మట్టిలోపలే!" అని నవ్వేవారు సైంటిస్టు నరసరాజుగారు.

ఈ ఆషాఢంలో మొక్కల ట్రే ఎత్తబోయి మొక్కలు పెంచే షెడ్డులోనే కూలబడిపోయింది మృదుల. చిన్నప్పటి కీళ్ళజ్వరం గుండె వాల్వుని పాడుచేసిందని, మార్చక తప్పదని డాక్టరు చెప్పారు. వాల్వులు రెండు రకాలు. లోహంది అరగదు, కానీ రక్తం పలచబరిచే మాత్ర బతికినన్నాళ్ళూ మింగాలి. ఆ మాత్రతో కడుపు నిలిస్తే తల్లికీ బిడ్డకీ గండమే. రెండోది ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో చేసింది. దానికి ఆ మాత్ర ఎల్లకాలం అక్కర్లేదు, పిల్లల్ని కనొచ్చు. అరిగినప్పుడు మాత్రం మళ్ళీ ఛాతీ కోసి మార్చాలి.

ఆవు మాట వినగానే మామగారు అనంతపద్మనాభం "నారాయణ, నారాయణ" అంటూ లేచి వెళ్ళిపోయారు.

"ఆవుదా! దాన్ని లోపల పెట్టుకుని స్వామికి ఎలా వండుతావే?" అన్నారు అత్తగారు.

"గుడిలో మద్దెలకి కట్టింది ఏ తోలు అత్తయ్యా?"

"మద్దెల మండపంలో పడుంటుంది. వచ్చి నా పొయ్యి ముట్టుకోదు."

శ్రీహర్ష కండువా కొస నలుపుతూ, "లోహందే పెట్టిద్దాం మృదులా. పిల్లల సంగతికి దేవుడున్నాడు" అన్నాడు.

"ఉన్నాడు. ఆయన్నడిగారా మీరు?"

 అత్తిలిలో పుట్టింటికి ఫోను చేస్తే మృదుల తల్లి, "వాళ్ళెలా అంటే అలా విను తల్లీ" అని పెట్టేసింది. ఒకసారి మూడో నెలలో పోయిన కడుపు మృదులకి గుర్తే. లోహందైతే ఆ ఆశ పోతుంది. ఆవుదైతే వంటిల్లు పోతుంది, ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్న చోటు అదొక్కటే. ఏదీ వద్దని ఊరుకుందామంటే, మంచం మీంచి లేచి నీళ్ళ బిందె దాకా నడిచినా ఆయాసం ఆగడం లేదు.

ఆపరేషను చేసే డాక్టరు గదిలో అత్తగారే ముందు నోరు విప్పారు. "లోహందేనండీ. మేమంతా అనుకున్నాం."

"నేను అమ్మాయిని అడుగుతున్నానండీ" అన్నారాయన.

మృదుల ఊపిరి కూడదీసుకుంది. "ఆవుదే పెట్టండి." అత్తగారి వైపు తిరిగి, "నైవేద్యం మీరే వండుకోండి అత్తయ్యా" అంది.

"ఈ మోకాళ్ళతోనా!" అన్నారావిడ.  శ్రీహర్ష తల్లివైపు చూడకుండా ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆపరేషనై ఇంటికొచ్చాక మృదులకి పెరటి వసారాలో మంచం, విడిగా కంచం, చిన్న గ్యాసు పొయ్యి ఏర్పాటుచేశారు. ఒంట్లో బాగోలేదన్న వంకతో గూడెం వెళ్ళడమూ మాన్పించారు. అత్తగారు ముక్కాలిపీట మీద కూర్చుని మడివంట చేస్తున్నారు. ఎన్నేళ్ళుగానో అలవాటు తప్పిన చెయ్యి.

"ఇంత పులిహోరకి ఉప్పెంతే?" అని లోపల్నించి కేకేస్తారు.

మృదుల గుమ్మం ఇవతలే నిలబడి చెబుతుంది. పిల్లల సంగతి ఏడాది ఆగి చూద్దామన్నారు డాక్టరు. అప్పటిదాకా, ఆ తరవాత ఎన్నాళ్ళో, ఆమెకి ఆ వసారాయే ఇల్లు. రాత్రిపూట శ్రీహర్ష ఒక్కడూ వచ్చి, మంచం పట్టీ మీద కాసేపు కూర్చుని వెళతాడు.