గోడమీద గీత

వీధంతా 'కారు పెద్దాయన' అని పిలిచే ఆ మాజీ బస్సు డ్రైవరుకు తన పాత స్పోర్ట్స్ కారే లోకం. ఒకప్పుడు అది గాలితో పందెం వేసి గెలిచి, వెనకబడ్డ గాలి కోసం మలుపు దగ్గర ఆగి ఎదురుచూసిందని చెబుతాడు. ఈ మధ్య చీకటిపడితే దారి సరిగా కనబడక రెండుసార్లు కారును కాలిబాట ఎక్కించాడు. లోపం కళ్లదంటే స్టీరింగ్ వదలాలి కనుక, పాత దీపాలదేనని తేల్చి పాత హెడ్‌లైట్ల లోపల బిగించే, లెన్సున్న ప్రొజెక్టర్ లైట్లు కొన్నాడు. జిగురు కరిగి అద్దాలు ఊడాలని హెడ్‌లైట్లను వంటింటి ఓవెన్‌లో పెట్టి, గడ్డం గోక్కుంటూ కాపలా కూర్చున్నాడు. "ఉప్పు చూడమంటారా?" అంది భార్య. "నవ్వవే నవ్వు. ఈ వెలుగుకి చందమామ నల్ల కళ్లజోడు కొనుక్కుంటాడు."

ప్రొజెక్టర్లు బిగించి, అద్దాలు మళ్లీ అతికించి, సాయంత్రం కారును గోడకెదురుగా నిలిపి వెలిగించాడు. వెలుగు పైఅంచు గోడమీద గీత గీసినట్టు పడాలి. ఆయనకది తడిసిన సిరాలా అలుక్కుపోయి కనిపించింది. "లెన్సు సరిగా కూర్చోలేదు, మళ్లీ విప్పుతా," అన్నాడు. భార్య గోడ దాకా వెళ్లి, ఆ అంచు వెంబడే వేలు జరిపింది. "కత్తితో కోసినట్టుందండీ. మీ పని బాగా కుదిరింది." ఆయన కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. చేతిలోని స్క్రూడ్రైవరును జేబులో పెట్టేసుకున్నాడు. డ్రైవింగ్ నేర్పింది తానే అయినా ఏనాడూ ఇవ్వని తాళంచెవిని ఆమె చేతిలో పెట్టి, పక్కసీటు తలుపు తీసుకున్నాడు. "నెమ్మదిగా పోనివ్వు. దానికి నీ చెయ్యి కొత్త."