శాలువా కింద ఆగిపోయిన వాదన

మొన్న మధ్యాహ్నం రెజిమెంటల్ బజార్ దాటుతుంటే రోడ్డు మీద గీతలు వేసే రంగు కాగుతున్న వాసన ముక్కుకు కొట్టింది. తోపుడు బండి మీద పొయ్యి, పొయ్యి మీద కుతకుతమంటున్న తెల్లటి రంగు. జనం రోడ్డు దాటే చోట చారలు వేస్తున్నారు. కాలిన ప్లాస్టిక్ లాంటి ఆ ఘాటుకు పక్కనున్నాయన రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఇదే వాసనను ఒకప్పుడు ప్రభుదాసు మాస్టారు గుండెల నిండా పీల్చి "బాగుందిరా" అన్నారు. మారేడ్‌పల్లి నుంచి ఆసుపత్రి వైపు వెళ్లే రోడ్డులో ఎడమ పక్కన బస్సుల కోసమే ఒక దారి విడదీసి, పసుపు గీత గీసిన రోజు అది.

ఆయన మీకెవరికీ తెలియదు. పేపర్లో ఆయన ఫొటో ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ తప్పుడు కారణానికి. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం వారిది. బళ్లో మాకు సాంఘిక శాస్త్రం చెప్పేవారు. ఆదివారం చర్చిలో ముందు వరస ఆయనది. శనివారం సాయంత్రం ఆయన వరండా మాది. మా నాన్న కాకినాడ నుంచి వచ్చి బట్టల కొట్టు పెట్టిన మనిషి. మా ఇంట్లో "ఎందుకు" అని అడిగితే చెంప పగిలేది. అడగడం తప్పు కాదని, అడగకపోవడమే తప్పని నాకు ఆ వరండాలోనే తెలిసింది. అక్కడ ఒక్కటే నియమం: ఎదుటివాడి పక్షాన్ని ముందు నువ్వు చెప్పాలి. అతడు "ఔను, ఇది నా మాటే" అన్నాకే దాన్ని ఖండించే హక్కు నీకు వస్తుంది.

కాలేజీలో చేరిన కొత్తలో నేను నిప్పు తొక్కినట్టుండేవాణ్ణి. నరకానికి జడిసి మంచిగా ఉండేవాడు మంచివాడెలా అవుతాడు, భయంలోంచి పుట్టిన నీతి నీతే కాదు అని ఒక శనివారం గొంతు చించుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆగు. ముందు నా పక్షం చెప్పు" అన్నారు. చెప్పాను. "ఊహూఁ. నన్ను మూర్ఖుణ్ణి చేసి చెబుతున్నావు. నేనంత మూర్ఖుణ్ణి కాను. మళ్లీ చెప్పు." మళ్లీ చెప్పాను. లోపలినుంచి ఆయన భార్య సుగుణమ్మగారు, "పిల్లాణ్ణి టీ అయినా తాగనివ్వండి. మీ ఔను వచ్చేసరికి చల్లారిపోతుంది" అని కేకేశారు. టీ చల్లారిపోయాక ఔను వచ్చింది. "ఇది నా మాటే. ఇంత బాగా మా పాస్టరుగారు కూడా చెప్పలేదు. ఇప్పుడు కొట్టు" అన్నారు నవ్వుతూ. ఆ తరవాత నేను నా రాతల్లో చాలామంది దేవుళ్లను, బాబాలను, కులపెద్దలను కొట్టాను. నన్ను తిట్టినవాళ్లు కూడా, నేను వాళ్ల మాటను వక్రీకరించానని మాత్రం అనలేకపోయారు. ఆ ఘనత ఆయనది.

మాస్టారు రిటైరయ్యాక సుగుణమ్మగారి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆటో కుదుపులు ఆవిడ నడుముకు పడేవి కావు కనుక ఇద్దరూ బస్సులోనే వెళ్లేవారు. బస్సేమో కార్ల మధ్య ఇరుక్కునేది. ఆలస్యంగా వెళితే ఏమవుతుందో బయటివాళ్లకు తెలియదు. మంచం మీద నాలుగు గంటలుండాలి. తరవాతి రోగి తన వేళకు వచ్చి బయట కూర్చుంటాడు. అందుకని మీరు ఎంత ఆలస్యమైతే అంత మీ వంతులోంచి కోసేస్తారు. రోడ్డు మీద పోయిన సమయం ఆవిడ రక్తం శుభ్రపడే సమయంలోంచి పోయేది.

అందుకే ఆ పసుపు గీత ఆ ఇంట్లోకి పండగలా వచ్చింది. ప్రయోగంగా కొన్నాళ్లు చూస్తామన్నారు అధికారులు. స్తంభానికి కెమెరా, కింద ఒక కానిస్టేబులు. గీత దాటిన కారుకు ఆ సాయంత్రానికే ఫోన్లో చలానా. మొదటి వారాల్లో జనం నిజంగా భయపడ్డారు. బస్సు ఖాళీ దారిలో దూసుకుపోయేది. ఆవిడకు పూర్తిగా నాలుగు గంటలు దొరికాయి. పాదాల వాపు తగ్గి, పాత చెప్పులు మళ్లీ పట్టాయి. "ఆ పసుపు గీతకు దణ్ణం పెట్టాలనిపిస్తోందయ్యా" అన్నారు నాతో. "పెట్టు. విగ్రహారాధన కింద నిన్ను చర్చిలోంచి వెలి వేయిస్తాను" అన్నారు మాస్టారు. నేను ఊరుకుంటానా? "వాళ్ల మనసు మారలేదు మాస్టారూ. ఇది కెమెరా భయం, అంతే" అన్నాను. ఆయన ఆసుపత్రి కాగితాలు సంచిలో సర్దుకుంటూ, "నాకు వాళ్ల మనసు అక్కర్లేదురా. దారి కావాలి" అన్నారు.

భయం ఎక్కువ కాలం నిలవలేదు. కానిస్టేబుల్ని తరచూ బందోబస్తుకు పంపేవారు. కెమెరా ఉంది, కానీ మనవాళ్ల తెలివి కెమెరాను మించింది. ఒక ఉదయం నేనూ వాళ్లతో బస్టాపులో ఉన్నాను. తెల్ల కారొకటి పసుపు గీత లోపలే, స్టాపు ఎదురుగా ఆగింది. వెనక నంబరు ప్లేటు మీద నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ వేలాడుతోంది, సరిగ్గా చివరి అంకెలు కప్పేస్తూ. మాస్టారు వంగి కిటికీలోకి చూశారు.

"ఏం బాబూ, దిష్టి వెనకనుంచి తగులుతుందా?"

"మా అమ్మ కట్టింది అంకుల్. మీకేం తక్లీఫ్?"

"మీ అమ్మగారు నంబరు చూసే కట్టారే!"

అతను నవ్వాడు. "గట్ల అనకుండ్రి. ఫైన్ పడ్తె పడనీ. ఎప్పుడో ఒకప్పుడు సగానికే కట్టమంటరు, అప్పుడు కడ్త. ఈ బస్సులల్ల పోయెటోళ్లకు ఏం అర్జెంట్ ఉంటది అంకుల్?"

సుగుణమ్మగారు ఆ పక్కనే సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఉన్నారు. ఆ కారు వెనక ఆగిపోయిన బస్సు ఆవిడదే.

చూశారా మన నాగరికత! దిష్టి తగలకుండా కట్టే దండ చట్టం కళ్లకు గంత అయింది. నేను ఇరవయ్యేళ్లుగా మూఢనమ్మకాల మీద రాస్తున్నాను. ఆ కుర్రాడికి అసలు నమ్మకమే లేదు. అతనికి ఉన్నది లెక్క. పట్టుబడే అవకాశం తక్కువ, పట్టుబడ్డా రాయితీ ఉంది. జరిమానా ఎంత పెద్దదన్నది ఎవరినీ ఆపదు. తప్పకుండా పడుతుందన్న నమ్మకమే ఆపుతుంది. ఆ నమ్మకం కూలిన రోజున ఆ గీత ఉత్త రంగైపోయింది.

ప్రయోగం గడువు ముగిసేముందు స్థానికుల అభిప్రాయం వింటామని ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. బస్సుల దారిని ఉంచాలా, తీసేయాలా అన్నది ఆ రోజే తేలుతుంది. దారి వద్దన్నవాళ్లకు నాయకుడు హార్డ్‌వేర్ కొట్టు యాదగిరి. హాలు వాళ్లతోనే నిండింది. బస్సులో తిరిగేవాళ్లు ఆ వేళకు బస్సుల్లోనే ఉన్నారు. మాస్టారికి మైకిచ్చారు. ఆయన జీవితమంతా ఎలా మాట్లాడారో అలాగే మొదలుపెట్టారు, ఎదుటిపక్షంతో.

"బండి ఆగే చోటు లేకపోతే బేరం పోతుంది. బేరం పోతే ముందు పోయేది గుమస్తా ఉద్యోగం. చట్టం అందరికీ ఒకటే అంటారు. పెద్దవాళ్ల కార్లు సైరను వేసుకుని ఇదే దారిలో పోతాయి, వాటికి చలానా పడదు. ఆటోవాడికి జరిమానా అంటే ఒక పూట తిండి. కారున్నవాడికి అది దారి కొనుక్కునే ధర. డబ్బున్నవాడు కొనుక్కుంటాడు, లేనివాడు ఆగుతాడు. ఇది క్రమశిక్షణా, వ్యాపారమా?"

హాలు చప్పట్లతో ఊగిపోయింది. వాళ్లలో ఒక్కరూ తమ మాటను అంత గొప్పగా చెప్పుకోలేకపోయారు. యాదగిరి వేదిక ఎక్కేశాడు. అధికారి కోసం తెచ్చిన శాలువా చేతిలో ఉంది.

"వారెవ్వా సార్! మా దిల్‌ల ఉన్నదంత చెప్పిన్రు!"

"ఆగవయ్యా, నేనింకా మొదలుపెట్టలేదు."

"ఇంకేం షురూ చేస్తరు సార్, అయిపాయె గదా! పెద్దమనిషి, జెర కూసోండ్రి, పరేషాన్ గావద్దు."

శాలువా భుజాల మీద పడింది. మైకు చేయి మారింది. "అది వాళ్ల వాదన! ఆయనది ఇంకా ఉంది!" అని నేను వెనకనుంచి అరిచాను. కుర్చీలు జరుగుతున్నాయి, టీలు వస్తున్నాయి. అధికారి వాచీ చూసుకుని, మాస్టారి లాంటి పెద్దలే చెప్పాక ఇంకా చర్చ ఎందుకు, బస్సుల దారి తీసేస్తున్నామని ముగించాడు. మర్నాడు పేపర్లో శాలువాతో ఫొటో వచ్చింది. బస్సుల దారి వద్దన్న రిటైర్డ్ ఉపాధ్యాయుడట.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఆగలేకపోయాను. "అమ్మగారి సంగతి ముందు చెప్పాల్సింది మాస్టారూ!"

"ముందు నా కష్టం చెబితే జాలిపడతారు. జాలి వాదన కాదు."

"వాదన ఓడిపోయింది కదా."

"ఓడిపోలేదు. వాళ్లు వినలేదు."

"ఆవిడకు ఆ రెండింటికీ తేడా ఏముంటుంది?"

ఆయన కిటికీ వైపు తిరిగారు.

సవరణ వేయమని పేపరుకు రాశారు, వేయలేదు. అధికారిని కలిశారు, ఫైలు మూశామన్నాడు. టైర్ల కింద పసుపు గీత అరిగిపోయింది. బస్సు మళ్లీ కార్ల మధ్యకు చేరింది. "అమ్మా, మీ ఎన్కటి పేషెంట్ వచ్చి కూసున్నడు, ఇయ్యాల జెర ముందే తీస్తం" అని నర్సు అనడం ఎక్కువైంది. వాపు పాదాల నుంచి ముఖానికి ఎక్కింది. పడుకుంటే ఊపిరాడక ఆవిడ కూర్చునే నిద్రపోయేవారు. వానాకాలంలో పోయారు. ఆ కార్లే చంపాయని నేను రాయను. జబ్బు జబ్బే, డాక్టరు కూడా ఆ మాట అనలేదు. రుజువు లేనిది రాయడం మాస్టారు నాకు నేర్పలేదు. కానీ ఆ వంతులోంచి కోసేసిన సమయమంతా ఎవరు వాడుకున్నారో నాకు తెలుసు. ఆ దారిలో కార్లు ఆపినవాళ్లు కూరగాయలు కొనుక్కోవడానికి, ఫోన్లో మాట్లాడుకోవడానికి వాడుకున్నారు.

బన్సీలాల్‌పేట్‌లో కూతురింట్లో ఉన్నప్పుడు మాస్టారిని చివరిసారి చూశాను. బాగా చిక్కిపోయారు. "ఆ రోజు చెప్పాలనుకున్నదాంట్లో ఒక్క మాటా మర్చిపోలేదురా. పొద్దున్నే లేస్తే నోట్లోనే ఉంటుంది" అన్నారు.

"చెప్పండి మాస్టారూ, నేను వింటాను."

"నీకు చెప్పి ఏం లాభం? నువ్వు ముందే ఒప్పుకున్నవాడివి."

అది చెప్పకుండానే ఆయన వెళ్లిపోయారు.

జరిమానాలతో మనుషులు మారతారా అని ఇప్పటికీ సభల్లో నన్ను అడుగుతారు. భయం మీద నిలిచే నీతిని ఎండగట్టినవాణ్ణి కనుక, మారరనే జవాబు ఆశిస్తారు. మారరు. ఆ కొద్ది వారాల్లో కూడా ఎవరూ మారలేదు. దారి మాత్రం ఖాళీగా ఉంది, ఆ ఖాళీ దారిలో ఒక మనిషికి తన నాలుగు గంటలూ దక్కాయి. నేను లేచి మొదట సుగుణమ్మగారి పేరు చెబుతాను. బస్సెక్కిన చోటు, దిగిన చోటు, కోసేసిన వంతు, అన్నీ చెబుతాను. ఎదుటివాళ్ల వాదనను ఆ తరవాతే ఎత్తుకుంటాను. ఈ వరస మాస్టారు నేర్పింది కాదు, ఆయన ఉంటే ఒప్పుకునేవారూ కాదు. ఆయన ఒప్పుకోరని తెలిసే, ప్రతిసారీ అలాగే మాట్లాడుతున్నాను.